ఒక వేలు ఎక్కువ

లారీ ముందు టైర్లు రెండూ పన్నెండు రోజుల్లో అరిగిపోయాయి. అవి పాతవి కావు. యుద్ధం వచ్చాక టైరు దొరకడమే గగనమైన రోజుల్లో, బాలకిష్టయ్య సావుకారి మూడు నెలలు తహసీలు కచేరీ చుట్టూ తిరిగి పర్మిట్టు మీద తెచ్చుకున్న కొత్త టైర్లు. వనపర్తిలో ఆయనకున్నది ఆ ఒక్క లారీయే. బిజినేపల్లి నుంచి, నాగర్‌కర్నూలు నుంచి సర్కారు రైతుల దగ్గర వసూలు చేసే లెవీ వడ్లు తెచ్చి గోదాములో దించుతుంది. నడిపేవాడు కురుమూర్తి.

పన్నెండు రోజుల్లో టైర్లు అరిగాయంటే లారీ తనకు తెలియకుండా తిరుగుతున్నదని సావుకారి నిశ్చయించుకున్నాడు. కురుమూర్తి దొంగచాటుగా వడ్లు నింపుకుని కృష్ణ రేవుకు చేరవేస్తున్నాడని, అవి అక్కడినుంచి కర్నూలు వైపు దాటిపోతున్నాయని ఆయన అనుమానం. ఆ రోజుల్లో ధాన్యం రాజ్యం పొలిమేర దాటించడం జైలు నేరం. శుక్రవారం పోలీసు అమీను సాబు వస్తాడు, ఆయనకు అప్పజెబుతానన్నాడు. లారీ ఇంజను తిప్పి స్టార్టు చేసే ఇనుప హ్యాండిలు లాక్కుని ఇంట్లో పెట్టుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం కురుమూర్తి ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడకానుకుని కూర్చుని ఇదంతా భార్యకు చెప్పాడు. జములమ్మ రొట్టె చేస్తున్నదల్లా పెనం దించేసింది.

"బాగుచేసినకాంచి ఆ లారీ దొర్లుతలేదు, ఈడ్చుకపోతుంది. స్టీరింగు తిప్పలేక నా రెక్కలు పడిపోయినయ్. అదే చెప్తే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కథ అన్నడు."

రెక్కల సంగతి ఆమెకు తెలుసు. పన్నెండు రోజులుగా ఉప్పు మూట వేడిచేసి అతని భుజాలకు కాపడం పెడుతున్నది ఆమే.

వాళ్ళు గద్వాల నేతవాళ్ళు. యుద్ధంతో నూలు రాకడ ఆగిపోయి, మగ్గం విప్పి అటక మీద పెట్టి రెండేళ్ళయింది. కురుమూర్తి కర్నూలులో లారీ నేర్చుకుని, సావుకారి కాళ్ళావేళ్ళా పడి ఈ పని సంపాదించాడు. నెల కింద పెబ్బేరు సంత విరిగి పశువులు రోడ్డంతా కమ్ముకుంటే, వాటిని తప్పించబోయి లారీని రోడ్డు మోరీ గోడకు కొట్టాడు. మనిషికి ఏమీ కాలేదు. ముందు ఇరుసు కొద్దిగా వంగింది. రెండు చక్రాలనూ వెనకనుంచి కలిపి ఒకేసారి తిప్పే పొడుగాటి కడ్డీ నడిమికి విరిగింది. లారీలు బాగుచేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. బండ్లకు పట్టాలు వేసే కమ్మరి యాదయ్యే ఇరుసు కాల్చి సరిచేసి, విరిగినదాని బదులు కొత్త కడ్డీ కొట్టి బిగించాడు.

"ఒకసారి లారీ చూస్త" అంది జములమ్మ.

"చూసి ఏం జేస్తవ్?"

ఆమె లేచింది. లోపలికి పోయి నూలు ఉండ ఒకటి కొంగున కట్టుకుని బయలుదేరింది. అతను వెనకే వచ్చాడు.

లారీ గోదాము ముందు నిలిచి ఉంది. జములమ్మ టైరు మీద చెయ్యి పెట్టి నిమిరింది. రెండింటికీ బయటి అంచులే అరిగి పోగులు తేలాయి. లోపలి అంచులు నిన్న కొన్నట్టే ఉన్నాయి. బట్ట ఒక అంచు వదులై ఇంకో అంచు బిగుసుకుంటే నేతగాడు బట్టను తిట్టడు, మగ్గం రెండు దూలాలూ సమంగా ఉన్నాయా అని కొలుస్తాడు. ఆమె దారం ఒక కొస మొగుడికి పట్టించి, చక్రాల ముందువైపు ఈ టైరు నుంచి ఆ టైరుకు కొలిచింది. తర్వాత వెనకవైపు కొలిచింది. ముందు కొలత రెండు వేళ్ళు తక్కువ వచ్చింది. చక్రాలు రెండూ ముందుకు పోకుండా, ఒకదాని వైపు ఒకటి మొహం తిప్పుకుని ఉన్నాయి. అందుకే రోడ్డును రాసుకుంటూ పోతున్నాయి.

కురుమూర్తి నేల మీద చతికిలబడి మళ్ళీ కొలిచాడు. అతని మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది. "యాదయ్య కొలత తప్పిండు" అన్నాడు.

ఇద్దరూ కొలిమి దగ్గరికి పోయారు. యాదయ్య తిత్తి ఊదడం ఆపి విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. విరిగిన పాత కడ్డీ ముక్కలు ఇనుప కుప్పలోంచి తీసి, పొడుగాటి బండ మీద కొసకు కొస కలిపి పెట్టాడు. గోడకు వేలాడుతున్న దారం ఒకటి తెచ్చాడు.

"నువ్వు ముడేసిచ్చిన దారమే చెల్లె. నీ ముడికాడికే కొట్టిన. ఎంట్రుక తేడా రానియ్యలె."

జములమ్మకు అప్పుడు గుర్తుకొచ్చింది. లారీ బాగుచేసిన రోజు ఆమె కొలిమి దగ్గరికి మొగుడికి సద్ది తెచ్చింది. యాదయ్య దగ్గర జానలూ మూరలూ తప్ప కొలత లేదు, దారం ఉందా అని అడిగాడు. ఆమే విరిగిన కడ్డీ మీద దారం పరిచి ముడి వేసింది.

ఇప్పుడు దారాన్ని మళ్ళీ ఆ పాత కడ్డీ మీద పరిచింది. ముడి, కడ్డీ కొస దాటి ఒక వేలు అవతల పడింది. వెనక కడ్డీలో ఆ ఒక్క వేలు ఎక్కువే చక్రాల అంచుల దగ్గరికొచ్చేసరికి రెండు వేళ్ళయింది.

నేతలో పడుగు కుంచించుకుపోతుంది. అందుకని సాలెవాళ్ళ ఇంట్లో ఎవరూ ఉన్నంతకు ముడి వేయరు, ఒక వేలు ఎక్కువ వదిలి వేస్తారు. ఆమెకు ఆరేళ్ళప్పుడు తల్లి నేర్పిన పని అది. చెయ్యి తనంతట తాను చేసేసింది. ఇనుము కుంచించుకుపోదన్న సంగతి ఆ చేతికి తెలియదు.

 ఇల్లు దగ్గరికొచ్చాక కురుమూర్తి ఆగాడు.

"ముడి సంగతి ఎవ్వరికీ చెప్పకు. కమ్మరి తప్పు జేసిండని చెప్తం."

"యాదన్నను గుంజకు కట్టేసి కొడ్తరు."

"నన్ను జేల్ల ఏస్తె నీకు మంచిగుంటదా?"

"దారం సావుకారి ముంగట పెడ్త. నువ్వు వడ్లు తోలలేదని తేలుతది."

"తేలినంక? పెండ్లం దారం కొలతకు లారీ చెడగొట్టుకున్నోనికి ఇగ ఎవడు స్టీరింగిస్తడు? అటు నూలు లేదు, ఇటు ఇది లేదు. ఏం తిందాం, చెప్పు."

 ఆ పూట ఇద్దరూ అన్నం ముట్టలేదు.

గురువారం పొద్దున అతనికి చెప్పకుండానే జములమ్మ సావుకారి ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద పండ్లు తోముకుంటున్నాడు. ముడి ఉన్న దారం ఆయన ముందు పెట్టి, నిలబడే అంతా చెప్పింది. ముడి వేసింది తానేనని రెండుసార్లు చెప్పింది. మొగుణ్ణి కాపాడుకోను ఆడది ఎన్నైనా అల్లుతుంది, నువ్వైతే నేతదానివే గద అని సావుకారి నవ్వాడు. ఆమె కదల్లేదు. కొలిచి చూడమంది, అది చాలంది. చివరికి ఆయన విసుక్కుని గుమాస్తాను పంపి, తానూ చెంబు పట్టుకునే లారీ దాకా వచ్చాడు. గుమాస్తా ముందోసారి, వెనకోసారి కొలిచాడు. సావుకారి దారం గుంజుకుని తానే కొలిచాడు. తర్వాత యాదయ్యను పిలిపించాడు.

కొత్త కడ్డీని ఒక వేలు కోసి మళ్ళీ అతికి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. నడిపి చూడ్డానికి కురుమూర్తికే కబురు పోయింది. అతను వచ్చాడు. భార్య వైపు చూడలేదు. సావుకారి తెప్పించిన హ్యాండిలు తిప్పి లారీ ఎక్కి, పెబ్బేరు రోడ్డు మీద మామిడి తోట దాకా పోయి తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు రెండు చేతులూ స్టీరింగు మీంచి పైకెత్తి ఉన్నాయి. పోగులు తేలిన ఆ టైర్ల మీదే లారీ గీత గీసినట్టు వచ్చి గోదాము ముందు ఆగింది.

సావుకారి చాలాసేపు టైర్లనే చూశాడు. అమీను సాబుకు చెప్పేదేమీ లేదన్నాడు. యాదయ్యను ఏమీ అనలేదు. తర్వాత చెయ్యి చాపాడు. కురుమూర్తి దిగి, హ్యాండిలు ఆ చేతిలో పెట్టాడు.

"టైర్లు దొరికేదాక లారీ నడవదు. దొరికినంక వేరే మనిషిని చూస్కుంట" అన్నాడు సావుకారి. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ళు పట్టుకుని అడగడానికైనా ఉండేదని జములమ్మకు అనిపించింది.

ఇంటిదారి పట్టారు. అతను ముందు, ఆమె పది అడుగులు వెనక. మలుపు దగ్గర అతను ఆగి, ఆమె వచ్చేదాకా నిలబడ్డాడు. రెక్కలు రెండూ వేలాడేసుకుని ఉన్నాడు.

"ఎంత తేలిగ్గొచ్చిందో చూసినవా" అన్నాడు. "ఒక్క వేలితోటి తిప్పొచ్చు."

ఇంకేమైనా అంటాడేమోనని ఆమె చూసింది. అతను నడవసాగాడు.