రాణి ఊపిరి తీసుకునేదాకా

"నీ తల ఊగడం మరీ కనబడుతోంది హేడ్రున్," అన్నాడు మా ఆయన గెర్నోట్.

నేను అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు మడత లొంగకపోతే మళ్ళీ నీళ్ళు చిలకరించాను. శనివారం మా పాటల నాటకం ఆటను టీవీ వాళ్ళు తీస్తున్నారట, కెమెరా ఎటు తిప్పినా నేనే అడ్డొస్తానట. అందుకని పియానోలాంటి నా హార్ప్సికార్డ్‌ను మధ్యలోంచి తీయించి ఓ మూలకు, పాడేవాళ్ళకు నా వీపు మాత్రమే కనబడేలా పెట్టిస్తాడట. మాటల భాగాలు కూడా ఈసారి అతనే చేతిలో తాళం చూపే పుల్లతో నడిపిస్తాడట. "నువ్వు నన్ను చూసి వాయిస్తే చాలు. నీకూ హాయి కదా," అన్నాడు. చొక్కా తగిలించి సరే అన్నాను. సరే అనడం నాకు చేతికి వచ్చిన పని.

మా పల్లెలో బడిపంతులే చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఆయన వేళ్ళు బిగుసుకుపోయాక ఆ బల్ల మీద నన్ను కూర్చోబెట్టారు. గెర్నోట్‌ను మొదటిసారి చూసింది అక్కడే. పట్నం నుంచి వచ్చి మా ఊరి గాయకబృందం చేత హైడన్ స్వరపరచిన ప్రార్థనాగానాలు పాడించాడు. రొట్టెలు కాల్చే ఆయన, పోస్టాఫీసు ఆవిడ, పాల కేంద్రం వాళ్ళు, వాళ్ళ గొంతుల్లో ఉందని వాళ్ళకే తెలియని నాదాన్ని బయటికి రప్పించాడు. దానికే మనసిచ్చాను, ఇప్పటికీ అందులో అతనికి సాటి లేరంటాను. కానీ అతను ఏటా వేసవిలో పాత రాజుగారి నాటకశాలలో నడిపించే ఆ పాతకాలపు ఒపెరాల, ఆ పాటల నాటకాల, సంగతి వేరు. వాటిలో పాటకీ పాటకీ మధ్య మాటలా సాగే భాగం ఉంటుంది. అక్కడ వయొలిన్లు ఉండవు. పాడే మనిషి, కింద పెద్ద వయొలిన్ లాంటి ఒక చెల్లో, తీగలు మీటే నా హార్ప్సికార్డ్, అంతే. నడిపించే మనిషి చేతులు దించేసి నిలబడాలి. వెనకటి నుంచీ పద్ధతి అది. పాడేవాళ్ళు ఊపిరి తీసుకుంటారు, నేను విని మెట్లు నొక్కుతాను.

ఆ మాటల భాగాలకు గెర్నోట్ ప్రాణం పోస్తాడని పత్రికలు రాస్తాయి. ఆదివారం భోజనాల దగ్గర అతను అది పైకి చదువుతాడు. మా అత్తగారు పళ్ళేల్లో బంగాళాదుంప ఉండలు వడ్డిస్తూ, "వాడు ఊరికే నిలబడినా సంగీతమేనమ్మా," అంటుంది. నేను పులుసు గిన్నె అందిస్తాను. గాయకులు పాత్రలు నేర్చుకునేది మా ముందుగదిలో, నా దగ్గర. వయొలిన్ల కాగితాల మీద కమాను ఎటు లాగాలో పెన్సిలుతో గుర్తులు పెట్టేది నేను. జనం వేడికి తీగలు సడలుతాయి కనుక విరామంలో అందరూ బయట వైన్ తాగుతుంటే నేను లోపల కూర్చుని శ్రుతి సరిచేస్తాను. ఒకసారి అలా కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన వచ్చి, మరుగుదొడ్డి ఎటమ్మా అని ఎంతో మర్యాదగా అడిగాడు.

ఈ ఏడాది రాణి వేషం మరైకెది. కొత్తమ్మాయి, ఇదే తొలి పెద్ద వేషం. మూడో అంకంలో రాణి సేనాపతిని వెళ్ళగొడుతుంది. అతను గుమ్మం దాటబోతుండగా, చాలాసేపు ఆగి, "వెళ్ళకు" అంటుంది. ఒక్క మాట. ఆ ఆగడం ఎంతసేపో మేమిద్దరం మా ముందుగదిలో వారాల తరబడి వెతికి పట్టుకున్నాం. గురువారం రిహార్సల్‌లో గెర్నోట్ పుల్ల కిందికి దిగింది, నేను వాయించాను, మరైకె ఊపిరి సగంలో తెగింది. మళ్ళీ చేశాం. మళ్ళీ తెగింది.

"హేడ్రున్, ఇది మన వంటిల్లు కాదు," అన్నాడు గెర్నోట్. "నా చెయ్యి చూడు."

వెనక ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, నవ్వకపోతే బాగుండదన్నట్టు. నేను చూడకపోవడమేమిటి? చూశాను కాబట్టే అలా అయింది.

విరామంలో శ్రుతి చేస్తుంటే మరైకె వచ్చి పక్కన నిలబడింది. "నేనెవర్ని చూడాలండీ? ఆయన్ని చూస్తే ఊపిరి అందట్లేదు. మీరేమో అటు తిరిగి ఉంటారు. ఇది పోతే నన్ను మళ్ళీ ఎవరూ పిలవరు."

"సర్దుకుంటుందిలేమ్మా," అన్నాను. ఆ మాట బయటికొచ్చాక అచ్చం మా అత్తగారి గొంతులా వినిపించింది.

ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు ఒకే తీగ బిగిస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ గెర్నోట్ చెయ్యి ఆలస్యమైతే నేను ఆలస్యం చేశాను, తొందరపడితే పరిగెత్తాను. ఒకసారి హైడన్ ప్రార్థనాగానంలో అతను దారి తప్పితే, ఆర్గన్‌తో అందర్నీ లాక్కొచ్చి అతని దగ్గర నిలిపాను. ఇంటికొచ్చాక, నువ్వు కాస్త తొందరపడ్డావు అన్నాడు. అవునేమో అన్నాను. ఇప్పుడీ పుల్ల సరదా ఎందుకో కూడా నాకు తెలుసు. చలికాలం నుంచి అతని కుడి భుజం సరిగ్గా లేవడం లేదు, మందు రాసేది నేనే. కెమెరా ముందు చేతులు దించి నిలబడితే ముసలివాడయ్యాడంటారని భయం. జాలే నాకు. ఆ జాలి ఎంతైనా నాది, నా దగ్గర్నుంచి ఇస్తాను. ఆ పిల్ల ఊపిరి నాది కాదే, ఇచ్చెయ్యడానికి.

శనివారం మధ్యాహ్నం ఆట. మూడో అంకం. సేనాపతి అడుగులు గుమ్మం వైపు వెళ్ళాయి. గెర్నోట్ పుల్ల దిగింది. నా వేళ్ళు మెట్ల మీదే ఉన్నాయి, నొక్కలేదు. పక్కన చెల్లో వాయించే టోర్‌స్టెన్ నన్ను చూసి కమాను ఆపేశాడు. గెర్నోట్ నా వైపు తిరిగి పుల్ల మళ్ళీ ఎత్తి దించాడు. ఏ చప్పుడూ లేదు. జనానికి ఏమీ తెలియలేదు, రాణి ఆలోచిస్తోందనుకున్నారు. నా వెనక పట్టుగుడ్డ కదిలింది. మరైకె గుటక వేసింది. తర్వాత పక్కటెముకల దాకా నిండిన ఊపిరి. అప్పుడు నొక్కాను.

"వెళ్ళకు," అంది రాణి.

దగ్గుతున్న వాళ్ళెవరో దగ్గు ఆపుకున్నారు. గెర్నోట్ చెయ్యి మెల్లగా పక్కకు దిగింది. ఆ తర్వాత మాటల చోట అది పైకి లేవలేదు.

అందరూ వెళ్ళిపోయాక కోటు చేతిమీద వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నన్ను చూశావు కదా?"

"చూశాను."

"అయినా వాయించలేదు."

"ఆ పిల్ల ఇంకా ఊపిరి తీసుకోలేదు."

కుర్చీలో కూలబడి భుజం పట్టుకున్నాడు. "గాల్లో చెయ్యి ఊపుతున్నట్టు కెమెరాలో పడి ఉంటుంది," అన్నాడు. అబ్బే, ఎవరూ గమనించలేదు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేశాను.

"పడే ఉంటుంది. రేపటి ఆటకు మాటల భాగాలు నేను నడుపుతాను గెర్నోట్. ఈ హార్ప్సికార్డ్ మళ్ళీ మధ్యలోకి రావాలి. ఆ చివర పట్టుకో."

నన్ను చూశాడు, తలుపు వైపు చూశాడు. పిలవడానికి పనివాళ్ళెవరూ లేరు. కోటు కుర్చీ మీద పెట్టి వచ్చి, వంగి, ఎడమ చేత్తో పట్టు చూసుకున్నాడు.

"ఎప్పుడెత్తమంటావు?" అని అడిగాడు.