తెల్లబడ్డ కళ్లు

మా ల్యాబులో నా పేరు చాదస్తం. పెట్టింది మా బాసు. నేనూ తక్కువ తినలేదు, ఆయన తొందర చూసి ఎక్స్‌ప్రెస్ అని పెట్టాను.

మా అమ్మకి కంటి వెనకపొర జబ్బు. నెలనెలా కంట్లోకి సూది గుచ్చాలి. చుక్కల మందు వేద్దామంటే అది ముందుపొర దాటి లోపలికి పోదు. మందుని ఆ పొర దాటించే పదార్థమొకటి మూడేళ్లు కష్టపడి తయారు చేశాను. దాటించాలి గానీ పొరని పాడుచేయకూడదు. ఆ సంగతి తేల్చడానికే కబేళా నుంచి పశువుల కళ్లు తెప్పించి, వాటిమీద వేసి చూస్తాం.

ఆ రోజు నా మందు వేసిన పొరలు పాలలా తెల్లబడ్డాయి.

“పోయింది. ఫెయిలని రాసెయ్. రేపు మీటింగులో దీన్ని ఆపేద్దాం,” అన్నాడు ఎక్స్‌ప్రెస్.

 నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పోల్చి చూడ్డానికి వట్టి ఉప్పునీళ్లు వేసి పెట్టిన కళ్లు తీశాను. అవీ తెల్లగానే ఉన్నాయి!

“సార్, ఉప్పునీళ్లకి కూడా కళ్లు పాడవుతాయా? తప్పు నా మందుది కాదు, ఈ కళ్లలోనే ఏదో ఉంది.”

ఆయన వంగి చూశాడు, గొణిగాడు. “రేపు మధ్యాహ్నం దాకా టైమిస్తా. అంతే.”

తెల్లారేసరికి కబేళాలో ఉన్నాను. కళ్లు తీసే పెద్దాయన ఒక్కో కన్నూ సబ్బునీళ్లలో ముంచి తోముతున్నాడు!

“బాబాయ్! ఏంటిది?”

“శుభ్రంగా ఉండాలని పోయినవారం మీ ఆఫీసు వాళ్లే ఫోన్ చేశారమ్మా. తళతళలాడుతున్నాయి చూడు,” అన్నాడు గర్వంగా.

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“సబ్బుకే పొర తెల్లబడిపోతోంది, వద్దు బాబాయ్, నీకు పుణ్యముంటుంది. ఉప్పునీళ్లలో వేసివ్వు, చాలు.”

“ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!” అని ఆయనే నన్ను కసిరాడు.

కొత్త కళ్లతో ల్యాబుకి పరుగెత్తి, మందు వేసి, కడిగి, రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను. పోల్చడానికని, పాడుచేస్తుందని ముందే తెలిసిన ద్రావణం వేసినవి తెల్లబడ్డాయి. ఉప్పునీళ్లవి తేటగా ఉన్నాయి. నా మందు వేసినవీ అంతే తేటగా ఉన్నాయి! ఎక్స్‌ప్రెస్ నా మందు వేసిన ఒక పొర వెనక కాగితం పెట్టి, దానిగుండా సన్నక్షరాలు గడగడా చదివాడు.

మీటింగులో ఆయనే లేచి, “ఈవిడ పట్టుబట్టకపోతే మంచి మందుని చేజేతులా చెత్తబుట్టలో పడేసేవాణ్ణి,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది.

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

“అయితే ఇక సూది వద్దా?”

“ఇంకా బోలెడు పరీక్షలున్నాయమ్మా. మొదటిది గెలిచాం.”

“గెలిచామా! ఎన్నైనా పెట్టుకోండే. ఈ నెల సూదికి నవ్వుతూ వెళ్తాను,” అంది అమ్మ.