బురుజు గది

కోట చుట్టూ కందకం, కందకం నిండా పచ్చటి నీళ్లు, ఆ నీళ్ల మీద మా నాన్న పడవ. ఒకప్పుడు శత్రువులు చుట్టుముడితే కోటలోవాళ్లే తమ వంతెనను తగలబెట్టుకున్నారట. అయినా కోట దక్కలేదు. ఆ తర్వాత వందల ఏళ్లు ఎవరూ మళ్లీ కట్టలేదు. ఆ తగలబెట్టినవాళ్ల పుణ్యమా అని, కోట చూడ్డానికి వచ్చేవాళ్లను దాటిస్తూ నాన్న మమ్మల్ని పోషించాడు.

అమ్మ పుట్టింది ఆ కోటలోనే. రాణీవాసంలో కాదు లెండి, కావలివాడి కూతురిగా, ద్వారం పక్క బురుజు గదిలో. పెళ్లయ్యాక ఇవతలి గట్టుకు వచ్చేసింది. తుంటి ఎముక విరిగాక పడవెక్కడం ఆమెవల్ల కాలేదు. అందుకని సాయంత్రం నాన్న ఇంటికి రాగానే అడిగేది, "మా గది ఎలా ఉంది?" అని.

"దానికేం, నిక్షేపంగా ఉంది," అనేవాడు నాన్న చెమట తుడుచుకుంటూ. కిటికీలో పావురాలు గుడ్లు పెట్టాయనేవాడు. పొయ్యి పక్క గోడకు అమ్మమ్మ వంట మసి ఇంకా అలాగే ఉందనేవాడు. అమ్మ ముఖం వెలిగిపోయేది.

ఆ గది ఎప్పుడో వానలకు కూలిపోయిందని నాన్నకూ తెలుసు, నాకూ తెలుసు.

కొత్త వంతెన కడుతున్నారనగానే నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. గేటు దగ్గర ఉద్యోగమిస్తామన్నా చల్లబడలేదు. అమ్మ మాత్రం చిన్నపిల్లలా సంబరపడింది.

"ఇక నడిచే వెళ్లొచ్చటగా! నన్ను తీసుకెళ్లవయ్యా."

నాన్న ఒకరోజు ఎండన్నాడు, ఇంకోరోజు గాలన్నాడు. సాకులన్నీ అయిపోయాక ఓ పొద్దున ఆమె చెయ్యి పట్టుకుని వంతెన మీద నడిపించాడు. వెనక నేను, కాళ్లీడ్చుకుంటూ.

బురుజు ఉండాల్సిన చోట రాళ్లకుప్ప, దాని నిండా గడ్డి. నాన్న తల వంచుకున్నాడు.

"కూలిన ఏడాదే మా తమ్ముడు చెప్పాడు," అంది అమ్మ.

నాన్న తలెత్తి చూశాడు. "మరి రోజూ అడిగేదానివి కదే?"

"నువ్వు చెప్పగా చెప్పగా, వాడే పొరబడ్డాడేమో అనుకున్నానయ్యా."

అమ్మ ఓ రాయి మీద చతికిలబడింది. "రాకపోయినా బాగుండేది. రేపు సాయంత్రం నిన్నేం అడగను?" అని చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది.