వెర్డెల్‌కు బుద్ధి లేదన్నారు

వెర్డెల్‌కు ఎనిమిదేళ్లు. పుట్టు చెవిటిది. పరీక్ష పెట్టే తెల్లావిడ దాని ముందు బల్ల మీద ఒక్కో బొమ్మా పెడుతోంది. ఆవు, బావి, ఇస్త్రీపెట్టె. వెర్డెల్ అన్నిటికీ జవాబు చెప్పింది. మా నల్లవాళ్ల చెవిటి బడిలో అందరం ఎలా మాట్లాడుకుంటామో అలాగే, రెండు చేతులూ బారచాపి, మొహమంతా కదిలిస్తూ చెప్పింది. ఇస్త్రీపెట్టె చూసి, "మా అమ్మ తెల్లోళ్ల బట్టలు దీంతోనే ఇస్త్రీ చేస్తది. ఓసారి ఇక్కడ కాలింది" అని మోచెయ్యి కూడా చూపించింది. ఆవిడ కాగితం మీద రాసింది నేను పక్కనుంచి చదివాను: "అర్థం లేని చేతి కదలికలు. మందబుద్ధి."

అప్పుడావిడ నావైపు తిరిగి తమ సైగల్లో అడిగింది: "ఈ పిల్ల ఏమైనా చెబుతోందా?"

నా పేరు ఓజెల్లా. అది 1969. నాకప్పుడు పదహారేళ్లు. మా బడి మూసేసి, ముప్పై ఒక్కమందిని బస్సెక్కించి, తెల్లపిల్లల చెవిటి బడిలో కలిపి నెల దాటింది. దాన్ని సమానత్వం అన్నారు. భవనం వాళ్లది, పుస్తకాలు వాళ్లవి, పంతుళ్లు వాళ్లవాళ్లు. మా పంతుళ్లలో ఒక్కరికీ పాఠం చెప్పే ఉద్యోగం ఇవ్వలేదు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇదేం సమానత్వమో మీరే చెప్పండి.

వాళ్ల చేతి మాట వేరు. ఒంటిచేత్తో, గుండె దగ్గరే, పిసినారి ఖర్చు పెట్టినట్టు మాట్లాడతారు. మేం మాట్లాడితే తెల్లపిల్లలు చంకలు గోక్కుని, కోతుల్లా ఎగిరి చూపించేవాళ్లు. నేను వాళ్ల పద్ధతి తొందరగా పట్టేశాను. పట్టానని మురిసిపోయాను కూడా. అందుకే నన్ను ఆ గదిలో కూర్చోబెట్టారు.

"లేదమ్మగారూ. ఊరికే చేతులు తిప్పుతోంది" అన్నాను.

సిగ్గుపడి అన్నాను. అవి నా సైగలు కూడానని ఆవిడకు తెలియకూడదనుకున్నాను. వెర్డెల్‌కు వాళ్ల సైగలు రావు కాబట్టి, నేనేమన్నానో దానికి తెలియలేదు. నన్ను చూసి నవ్వింది.

బుధవారం నోటీసు అంటించారు. శుక్రవారం పొద్దున వ్యాను వచ్చి వెర్డెల్‌ను మందబుద్ధి పిల్లల ఆస్పత్రికి తీసుకుపోతుంది. అక్కడికి పోయిన నల్లపిల్ల తిరిగి ఇల్లు చేరడం మాలో ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం బట్టలుతికే గదిలో చేరాం. తలుపు దగ్గర టిండల్ పంతులు చీపురు పట్టుకుని కాపలా ఉన్నాడు. పాత బడిలో ఇరవై రెండేళ్లు మాకు అచ్చుపని నేర్పిన మనిషి, తనూ చెవిటివాడే. ఇక్కడ ఆయన వరండాలు ఊడుస్తాడు.

నేను జరిగింది చెప్పేశాను. లెస్టర్ మాలో అందరికన్నా పెద్దవాడు. లేచి నా మొహం మీదికి వచ్చాడు.

"నీ చేతులు పడిపోను!"

ఆ తిట్టు మాలో ఎవరం ఎవరినీ తిట్టం. నేను తలొంచుకుని మాట పడ్డాను.

"గవర్నరుకి ఉత్తరం రాద్దాం" అంది ఇమోజీన్.

"రాయి! తప్పులు దిద్ది వెనక్కి పంపుతారు" అన్నాడు లెస్టర్. "ఆ వ్యాను చక్రాలు కోసేద్దాం."

"కోసి జైలుకి పో. వాళ్లు ఇంకో వ్యాను తెస్తారు."

"నీకు పిరికితనం!"

"నీకు మోకాల్లో మెదడు!"

టిండల్ పంతులు చీపురుకర్రతో నేల మీద కొట్టాడు. అదురు పాదాలకు తగిలి అందరం తిరిగాం.

"కొట్టుకోండి, బాగుంది. శుక్రవారం దాకా కొట్టుకుంటే వాళ్ల పని సులువైపోద్ది. ఒక్కటి చెప్పండి. వాళ్ల హుకుం మనకెట్టా చేరుద్ది?"

"చేతులతో" అంది ఇమోజీన్.

"వాళ్ల చేతులు కాదమ్మా. మన కళ్లు. మనం చూస్తేనే గదా వాళ్లు దొరలు. చూడకపోతే?"

ఎదుటివాడు మాట్లాడుతుంటే కళ్లు మూసుకోవడం మాలో చెంపదెబ్బ కన్నా పెద్ద అవమానం. చిన్నప్పుడు ఆ పని చేసి వీపు వాచిపోయినవాళ్లమే అందరం. "పెద్దోళ్ల ముందు అట్టా చెయ్యొచ్చా పంతులుగారూ?" అని ఓ చిన్నవాడు భయంగా అడిగాడు. "పెద్దరికం నిలుపుకున్నోళ్ల ముందు చెయ్యకూడదురా" అన్నాడాయన.

శుక్రవారం పొద్దున భోజనశాలలో మొక్కజొన్న జావ గిన్నెలు పక్కకు నెట్టి, వెర్డెల్‌ను మధ్యలో పెట్టుకుని చుట్టూ నిలబడ్డాం. బల్ల మీద కాగితం పెట్టాం: "వెర్డెల్‌కు మళ్లీ పరీక్ష. అందరి ముందు. టిండల్ పంతులు అడగాలి." బడి పెద్ద ప్రూయిట్ దొర ఏదో చెప్పబోయి చేతులెత్తగానే, ఒకరి చేతులొకరం పట్టుకుని కళ్లు మూసుకున్నాం. పంతులు నేల మీద మూడుసార్లు తన్నితేనే తెరవాలని ఒప్పందం.

కళ్లు మూసుకున్న చెవిటివాళ్లకు మిగిలేది ఒళ్లొక్కటే. చెక్కనేల దడదడలాడింది. ఎవరో నా భుజాలు పట్టి ఊపారు. ఎవరో వేళ్లతో నా రెప్పలు తెరవబోయారు. నిజంగా భయమేసింది. నా ఎడమచేతిలోంచి లెస్టర్‌ను లాగేశారు. చెయ్యి గాల్లో ఉండిపోయింది. అంతలో ఇంకో చెయ్యి వచ్చి పట్టుకుంది. చిన్నది, చెమటతో తడిసి ఉంది. అది గ్రెటా అనే తెల్లపిల్ల చెయ్యని తర్వాత తెలిసింది. దాని తమ్ముణ్ణీ అదే వ్యాను తీసుకుపోయిందట.

గంట గడిచిందో ఎంత గడిచిందో, నేల మూడుసార్లు అదిరింది. ప్రూయిట్ దొర పరీక్షకు ఒప్పుకున్నాడన్నమాట.

పంతులు బొమ్మలు చూపించాడు. వెర్డెల్ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ప్రూయిట్ దొర చేతులు విదిల్చాడు. "ఊడ్చేవాడు అడిగితే పరీక్షా? అది ఏం చెప్పిందో ఎవరికి తెలుసు?"

నేను బెంచీ ఎక్కాను. "నాకు తెలుసు. మొదటిసారీ తెలుసు. తెలిసే అబద్ధమాడాను" అని వాళ్ల సైగల్లోనే చెప్పి, వెర్డెల్ మాటలు ఒక్కొక్కటీ అప్పజెప్పాను. బావి బొమ్మ దగ్గర అది ఏమందంటే, "దీనికి తాడేదీ? ఈ బొమ్మేసినోడు ఎప్పుడన్నా నీళ్లు తోడాడా?"

తెల్లపిల్లల బల్లలన్నీ నవ్వాయి. పరీక్ష పెట్టినావిడ ఎర్రబడి, తన కాగితం మడిచేసుకుంది. వ్యాను ఖాళీగా పోయింది.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. పిల్లల్ని రెచ్చగొట్టాడని టిండల్ పంతులును పట్టుకున్నారు. చేతులు వెనక్కి విరిచి బేడీలేశారు. చెవిటి మనిషికి అది నోట్లో గుడ్డలు కుక్కడమే. ఆయన ఏదో చెప్పాలని భుజాలు గుంజుకుంటుంటే, ఎదురుతిరుగుతున్నాడని లాఠీతో పొడిచారు. ఇరవై రెండేళ్లు అక్షరాలు పేర్చిన చేతులవి.

మర్నాడు నాలుగు మైళ్లు నడిచి జైలుకు పోయాం. ముప్పై ఒక్కమందిమీ, వెనక తొమ్మిదిమంది తెల్లపిల్లలూ, మా అమ్మలూ. పోలీసుల పెద్ద షెరీఫ్ మెట్ల మీద నిలబడి మైకు పెట్టి, చెదిరిపొమ్మని గొంతు చించుకున్నాడట. మా అమ్మ చెబితేగానీ మాకు తెలియలేదు. లెస్టర్ ఆ మైకుకు వంగి దండం పెట్టాడు.

రెండో అంతస్తు కిటికీ ఊచల్లోంచి రెండు చేతులు బయటికొచ్చాయి. బేడీలు లేవు. వీధి ఇవతలికి స్పష్టంగా కనబడేంత పెద్దగా అడిగాయి:

"ఎంతమంది వచ్చారు?"

"అందరం" అన్నాం, అందరం ఒక్కసారే.

"వాళ్లు మీతో ఏమంటున్నారు?"

"మాకేం తెలుసు?"

ఆ చేతులు కాసేపు నవ్వాయి. తర్వాత అడిగాయి: "చిన్నోళ్లు ఏమన్నా తిన్నారా?"

"తిన్నారు పంతులుగారూ."

"అయితే కూర్చోండి. సమావేశం మొదలెడదాం. మొదటి మాట ఎవరిది?"

వీధి మధ్యలో, పోలీసుల బూట్ల ముందే బాసింపట్లు వేసుకుని కూర్చున్నాం. వెర్డెల్ చెయ్యెత్తింది.