కాపలా కణాల నిద్ర

టీలా తాగే మాతే కోసం ఎండు సొరకాయ బుర్రలో ఆకు నింపి, వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని జుల్మా సమావేశపు గదిలోకి వచ్చేసరికి, ఆమె మొగుడు అనిబాల్ అతిథులకు ఆమెను పరిచయం చేస్తున్నాడు.

"మా ఆవిడ. ల్యాబ్‌లో కణాలను సాకుతుంది. మాతే పోయడంలో కూడా మంచి చెయ్యి."

అందరూ నవ్వారు. అతనికున్న డాక్టరేటే ఆమెకీ ఉందని అతను చెప్పలేదు. అందరూ వంతులవారీగా తాగే ఆ ఒక్క బుర్ర, ప్రతిసారీ నీళ్లు పోసే మనిషి దగ్గరికే తిరిగి వస్తుంది కాబట్టి, ఆమె కుర్చీ వదలడానికి వీల్లేదు.

అనిబాల్ తెరమీద బొమ్మలు చూపిస్తూ మొదలుపెట్టాడు. కణం అంచుకు కబురు తగిలితే లోపల నిద్రపోతున్న ప్రోటీన్ లేచి, కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను తట్టి లేపుతుంది. క్యాన్సర్ కణంలో అది ఇక పడుకోదు, కణితి పెరుగుతూనే ఉంటుంది. మా మందు దాన్ని నిద్రపుచ్చుతుంది, రోగులకు ఇవ్వడమే తరువాయి అన్నాడు. జుల్మాకు ఒళ్లు మండింది. రక్తంలో కాపలా కాసే కణాలు క్యాన్సర్ మీద తిరగబడేదీ ఆ ప్రోటీన్ వల్లనే. మందు వాటినీ పడుకోబెట్టింది. ఆమె మందు ఇచ్చి చూసిన ఎలుకల్లో కణితి మళ్లీ మొలిచి, మునుపటికన్నా పెద్దదైంది. ఇంట్లో గిన్నెలు తోముతూ అనిబాల్‌కు ఆ సంగతి చెబితే, "ఎలుకలకు మేత సరిగ్గా వేసుండవు" అన్నాడు. మొగుడి పేరు పైకొచ్చే వేళ అడ్డుపుల్లలు వెయ్యొద్దని అత్తగారు హితవు చెప్పింది. తను రాసిన వ్యాసాల మీద అతని పేరు చూసి ఇన్నేళ్లూ దిగమింగుకుంది. రోగుల ప్రాణాలు కూడా దిగమింగమంటే ఆమె వల్ల కాలేదు.

అతని ఉపన్యాసాలకు బొమ్మలు పేర్చేది ఆమే. వాటిని ముందుగా చూసుకునే అలవాటు అతనికి లేదు. ఆ నిర్లక్ష్యం మీదే ఆమె తన పగంతా పెట్టింది.

తెరమీదికి జుల్మా ఎలుకల బొమ్మలు వచ్చాయి. రోగులకు మందు ఇవ్వడానికి అనుమతించాల్సిన డాక్టర్ పెరేయ్రా, ముందు వరసలోని పెద్దావిడ, కళ్లజోడు సర్దుకుంది.

"కణితులు పెరిగాయేంటి?"

"ఏదో పొరపాటున వచ్చింది. తర్వాతది చూద్దాం."

జుల్మా లేచి నిలబడింది. పాలిపోయిన అతని మొహం చూస్తే జాలి వేస్తుందేమోనని భయపడింది. వెయ్యలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

"పొరపాటు కాదు మేడమ్. ఈ ప్రయోగం నాది. మందు కాపలా కణాలను కూడా నిద్రపుచ్చుతోంది."

"మరి మాకు పంపిన నివేదికలో లేదే? ఈయనకు తెలియదా?"

అనిబాల్ కళ్లతోనే బతిమాలాడు. పెళ్లయ్యాక అతను ఆమెను బతిమాలడం అదే మొదలు.

"తెలుసు," అంది జుల్మా.