ఎడమ మూల పలక

ప్రతి శుక్రవారం పొద్దున్నే, ఊడ్చే పనిలో ఉన్న ఇనెజ్ మా కాలేజీ జిమ్ నేల తుడిచేది. ఎడమ మూలకి వచ్చేసరికి మాత్రం దూరంగా ఆగి, తుడుపుకర్ర బారుగా చాచి, ఒక చెక్క పలక మీద అడుగు పడకుండా పని కానిచ్చేది. ఆ పలక మీద కాలు పెడితే ఎడమ మోకాలు పుటుక్కున తెగినంత నొప్పి. కాలు తీస్తే పోయేది. ఒకసారి నేలంతా పీకి కొత్త చెక్క వేయించారు. సోమవారానికల్లా నొప్పి కొత్త చెక్కలోకి వచ్చేసింది. కాంట్రాక్టరు తన పనివాళ్ళిద్దర్ని బూతులు తిట్టి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇండియానాలో మా బ్రాడ్‌వెల్ కాలేజీకి ఆడటానికొచ్చే ప్రతి జట్టుకీ ఆ సంగతి తెలుసు. ఎదుటివాళ్ళని ఆ మూలకి తోలడం మా అమ్మాయిలు మొదటి వారంలోనే నేర్చుకునేవాళ్ళు.

ఆ నొప్పి కార్లీన్ ఓస్టర్‌మన్‌ది.

కార్లీన్ పందులు పెంచే రైతు కూతురు. కొట్టం గోడకి దిగ్గొట్టిన రింగులో బంతి వేస్తూ పెరిగింది. కాలేజీలో నాలుగేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడి రెండువేల రెండువందల పద్నాలుగు పాయింట్లు చేసింది. మగపిల్లల్లో కూడా ఆ లెక్కని ఇంతవరకు ఎవడూ దాటలేదు. ఆమె ఒకవైపు చూస్తూ ఇంకోవైపు బంతి అందిస్తే, ఆమెని కాపు కాసే అవతలి జట్టు పిల్లలు దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు. చదువవగానే వచ్చి ఆడమని ఇటలీ నుంచి ఒక క్లబ్బు ఉత్తరం రాసింది.

1983 మార్చి, ఆమె ఆఖరి ఏడాది. లీగు ఫైనల్ మా జిమ్‌లోనే. ఇంకా రెండు నిమిషాల ఆట ఉందనగా ఎడమ మూలలో ఆమె మోకాలు తెగింది. ఆ చప్పుడు పై వరసల దాకా వినపడింది. కోచ్ డెల్బర్ట్ స్పాంగ్లర్ వచ్చి ఆమె మీదికి వంగాడు.

"లే. నాటకాలాడకు. రెండు నిమిషాలు ఓర్చుకోలేవా?"

ఓర్చుకుంది. ఒంటికాలి మీద ఆరు పాయింట్లు చేసింది. కప్పు వచ్చింది, కాలు పోయింది. జాతీయ పోటీలకి ఆమె రాలేకపోయేసరికి ఆయన పేపరువాళ్ళతో, "పిల్లకి ఏమీ కాలేదు. ధైర్యం చాలక మధ్యలో మానేసింది" అన్నాడు. ఆ మాట ఇటలీ దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు.

కార్లీన్ పోస్టాఫీసులో చేరింది. కుంటికాలితోనే ముప్ఫై మూడేళ్ళు ఊరంతా తిరిగి ఉత్తరాలు పంచింది. స్పాంగ్లర్ ఇల్లు కూడా ఆమె దారిలోదే. ఆయనకొచ్చే అభినందనల కవర్లు వానలో ఒక్కటీ తడవనివ్వలేదు. అంత కోపం ఉన్న మనిషి చిల్లర పనులు చెయ్యదు.

పలకలో ఏమీ లేదనీ, అంతా ఆడపిల్లల బెదురనీ స్పాంగ్లర్ అందరికీ చెప్పేవాడు. చెప్తూనే దాన్ని చుట్టి నడిచేవాడు. గొప్ప ఆటగాళ్ళ పేర్లెక్కించే కాలేజీ హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీకి పెద్ద ఆయనే. కార్లీన్ పేరు వచ్చిన ప్రతిసారీ, "మధ్యలో మానేసినవాళ్ళకి కాదు ఇది" అని కొట్టేశాడు. అలా పదకొండుసార్లు.

ఆయన కమిటీ నుంచి దిగిపోయిన ఏడాది కాలేజీ ఆటల కొత్త డైరెక్టర్ వాండా ప్రూయిట్ ఫోన్ చేసింది.

"నీ పేరు ఖాయమైంది కార్లీన్. ఇన్నాళ్ళు పట్టినందుకు సిగ్గుగా ఉంది. కోటు ఎవరిచేత తొడిగించమంటావు?"

మా దగ్గర ఆనవాయితీ ఒకటుంది. ఆట విరామంలో, గౌరవం అందుకునే మనిషి కోర్టులో తనకిష్టమైన చోట నిలబడుతుంది. పాత కోచ్ అక్కడికి నడిచొచ్చి, ఆకుపచ్చ కోటు తొడిగి, ఎడమ మోచెయ్యి పట్టుకుని ప్రసంగం అయ్యేదాకా పక్కనే ఉండాలి. మధ్యలో చెయ్యి వదలడం ఎవరూ ఎరగరు.

"కోచ్ బతికే ఉన్నాడుగా," అంది కార్లీన్.

"వద్దంటే ఇంకెవర్నైనా పెడతానే. మొహమాటపడకు."

"ఆయనే కావాలి."

"సరే. ఎక్కడ నిలబడతావు?"

"ఎడమ మూల."

"ప్రసంగం ఐదు నిమిషాలు దాటకూడదని రూలుంది," అంది వాండా. "అయినా గడియారం చూసేది నేనేలే."

జనవరిలో ఒక శనివారం. జిమ్ నిండింది. ఎనభై మూడేళ్ళ స్పాంగ్లర్ టై కట్టుకుని, కోటు చేతిలో పట్టుకుని వచ్చి, గజం దూరంలో ఆగాడు. కార్లీన్ పలక ఒక కొసన నిలబడి ఉంది. ఆమె ఎడమ పక్కకి రావాలంటే రెండో కొస ఎక్కాల్సిందే.

"కొంచెం మధ్యకి రామ్మా. అందరికీ కనపడాలి కదా."

"ఇక్కణ్ణుంచి బాగానే కనపడతాను. రండి కోచ్."

మూడువేల మంది చూస్తున్నారు. కాలు పెట్టనంటే నొప్పి ఉందని ఒప్పుకున్నట్టే, ఆమె మోకాలు తెగిందనీ ఒప్పుకున్నట్టే. పెట్టాడు. కోటు తొడిగి మోచెయ్యి పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాడు. కార్లీన్‌కి ఆ నొప్పి కొత్త కాదు. జేబులోంచి నలభై కాగితాల కట్ట తీసింది.

కొట్టం గోడకి రింగు కొట్టిన నాన్నతో మొదలుపెట్టింది. బస్సు తోలిన ఆయనకి, బనీన్లు ఉతికిన ఆవిడకి, మొదటి ఏడాది జట్టులో ఒక్కొక్క పిల్లకి పేరుపేరునా కృతజ్ఞత చెప్పింది. విరామం అయిపోయింది. రిఫరీ ఈల జేబులో వేసుకున్నాడు. అవతలి జట్టు పిల్లలు నేలమీద కూర్చున్నారు. ఒక్కరూ దగ్గలేదు.

ఇరవయ్యో నిమిషంలో స్పాంగ్లర్ పెదవులు తెల్లబడ్డాయి.

"చాలమ్మా," అన్నాడు చెవి దగ్గర.

కార్లీన్ మైకు ఆయన నోటి ముందు పెట్టింది. "వెనక వరసవాళ్ళకి వినపడలేదు కోచ్."

ఆయన మైకు వైపు చూశాడు, జనం వైపు చూశాడు.

"ఈ పిల్ల మోకాలు నిజంగానే తెగింది. నాకు ఆ రోజే తెలుసు. అబద్ధం చెప్పాను."

ముప్ఫై ఆరేళ్ళుగా ఆమె వినాలనుకున్న మాట అదే. వింది. వేలు తడి చేసుకుని కాగితం తిప్పింది.

"ఇక రెండో ఏడాది సంగతి," అంది.

నాలుగేళ్ళూ చెప్పింది. అయ్యాక స్పాంగ్లర్ పలక దిగాడు. అందరికీ పోయే నొప్పి ఆయనకి పోలేదు. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని తీసుకెళ్ళారు. మళ్ళీ ఆయన ఎడమ కాలు తిన్నగా మోపింది లేదు. పలక మామూలు చెక్కయిపోయింది, ఆ ఆట మా వాళ్ళు తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయారు. కార్లీన్ ఆకుపచ్చ కోటుతో మంచులో కారు దాకా నడిచింది. కుంటలేదు. తలుపు దగ్గర ఆగి, జాలేమైనా కలుగుతుందేమోనని కాసేపు తనలోకి చూసుకుంది. కలగలేదు. కారెక్కి ఇంటికి వెళ్ళిపోయింది.