వెనక వంటగదిలో వాసన

వంటింటి స్విచ్చుబోర్డు దగ్గర తీగ కమురుతున్న వాసన వస్తోందని ఆమె అంటే, ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "మా ఇంటి పోలీసు కుక్క మొదలెట్టిందమ్మా" అన్నాడు తల్లితో. "ఇంతమందికి రాని వాసన నీ ఒక్కదానికే ఎలా వస్తుందే?" అంది అత్తగారు. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో తిరుగుతున్న ప్రశ్న అది. గోడ చెమ్మ పట్టిందన్నా, పాలు విరగబోతున్నాయన్నా, అదే. ఆమె రెండు క్యారేజీలు కట్టి, యూనిఫాం తొడుక్కుని, ఆ స్విచ్చు ఆపేసి బయలుదేరింది. మిక్సీ ఎలా వేసుకోవాలని గొణుక్కుంటూ ఆయన మళ్లీ స్విచ్చు వేసిన చప్పుడు, ఆమె గుమ్మం దాటకముందే వినపడింది.

ఇంట్లో ఏ మాటకీ విలువ లేని ఆ మనిషి, విమానంలో ఎయిర్ హోస్టెస్‌లందరికీ పెద్ద. బెల్టులూ పై అరలూ తలుపులూ అన్నీ చూసుకుని, క్యాబిన్ సిద్ధం అని ఫోన్‌లో కెప్టెన్‌కి ఆమె చెప్పాలి. చెప్పేదాకా విమానం లేవదు. ఆ రోజు జనం అందరూ ఎక్కి కూర్చున్నారు, తలుపు ఇంకా మూయలేదు. చివరి వరుస దాటి వెనక వంటగదిలో అడుగు పెట్టగానే, పొద్దున్న ఇంట్లో తగిలిన వాసనే తగిలింది. అక్కడే గంట నుంచి కప్పులు సర్దుతున్న, కొత్తగా చేరిన ఎయిర్ హోస్టెస్ చిన్నమ్మాయిని అడిగింది. "నేనొచ్చినప్పుడు ఏదో వచ్చిందక్కా, తర్వాత పోయింది" అంది ఆ పిల్ల. కాఫీ మెషిన్ బాగుచేస్తూ అరగంటగా అక్కడే ఉన్న మెకానిక్కు కూడా ముక్కు ఎగబీల్చి, ఏం లేదమ్మా, కాఫీ మాడుంటుంది అన్నాడు. సంగతి చెబితే కెప్టెన్ ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడాడు. ఈ నెలలో ఆమె పేరు మీద రెండు ఆలస్యాలున్నాయని, మూడోది పడితే ఆఫీసువాళ్లు పెద్దరికం తీసేసి వెనక్కి నెడతారని గుర్తుచేశాడు. "మీ ఇష్టం మేడమ్. మెకానిక్కు లేదన్నాక కూడా మీకు అనుమానమేనా?"

ఆమె మళ్లీ గాలి పీల్చింది. ఈసారి ఏమీ రాలేదు. నిజంగా నా ముక్కుకే తిక్కేమో, ఆయన అన్నదే నిజమేమో, సిద్ధం అనేస్తే పోదూ అనుకుంది. ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు శిక్షణ మొదటి రోజు పాఠం చెప్పిన ముసలావిడ మాట గుర్తొచ్చింది. ఉన్నచోటే ఉంటే ముక్కు లొంగిపోతుందే పిల్లా, వాసన పోయిందనుకుంటావు, అది ఎక్కడికీ పోదు. బయటికెళ్లి రా.

ఫోన్ పెట్టేసి, నడవలో జనం చూస్తుండగా తలుపు దాటి వెళ్లింది. విమానం వదిలేసి షికారుకెళ్తోందని వెనక ఎవరో నవ్వారు. విమానాన్నీ భవనాన్నీ కలిపే వంతెన మీద నిలబడి చల్లగాలి పీల్చుకుంటుంటే, ఆ రెండు నిమిషాల్లో పిలవని సంగతులన్నీ వచ్చాయి. పెళ్లయిన కొత్తలో ఆయన ఆమె డ్యూటీ కాగితం పట్టుకుని, ఏ విమానం ఎన్నింటికి దిగిందో విమానాశ్రయానికి ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఆ నవ్వు ప్రయాణికుల దగ్గర పెట్టుకో, ఇంట్లో వద్దనేవాడు. అప్పట్లో ఊపిరాడేది కాదు. ఏ సంవత్సరం నుంచి ఆడుతోందో ఆమెకు గుర్తు రాలేదు.

తిరిగొచ్చి నేరుగా వెనక్కి నడిచింది. వాసన ఉంది. ముక్కుపుటాలు మండేంత ఉంది.

"అన్నగారూ, మీరూ ఒక్కసారి బయటికెళ్లి రండి" అంది మెకానిక్కుతో. అతను సణుగుతూ వెళ్లాడు. తిరిగొస్తూ, చివరి వరుస దగ్గరే ఆగిపోయాడు. స్క్రూడ్రైవర్ తీసి మెషిన్ వెనక రేకు ఊడదీశాడు. లోపల తీగల ముడి బొగ్గులా నల్లబడి, దాని తొడుగు కరిగి కారి ఉంది. చిన్నమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె ఫోన్‌లో కెప్టెన్‌కి చెప్పింది. జనాన్ని దింపేయండి మేడమ్ అన్నాడతను. దిగిన వాళ్లలో సగం మంది ఆమెనే తిట్టుకుంటూ దిగారు. ఆలస్యానికి కారణం రాసే గడిలో ఆమె తన పేరు తనే రాసుకుంది, గట్టిగా నొక్కి.

విశ్రాంతి గదిలో కూర్చునేసరికి ఆయన ఫోన్. ఎన్నింటికి వస్తున్నావు, అమ్మ మాత్రలు కనపడట్లేదు, రాత్రికి ఏం వండుతావు.

"మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలో ఉన్నాయి. కరెంటు మేస్త్రీకి చెప్పాను, వచ్చి చూసేదాకా ఆ స్విచ్చు వేయకండి. నేను కొన్నాళ్లు మా అక్క దగ్గర ఉంటాను."

"ఇప్పుడేమైందని?"

"ఏం కాలేదు. లోపలే ఉంటే తెలియడం లేదు. బయటుండి వచ్చి చూస్తాను, ఆ ఇంట్లో వాసన ఉందో లేదో."